అల్లుడుగారు ఉన్నారండీ

ఆ రోజుల్లో మా వైపు పెళ్ళయిన కూతురు మొగుడితో కలిసి పుట్టింటికి వస్తే "ఎప్పుడొచ్చారు?" అని అడిగేవారేగాని "ఎన్నాళ్ళుంటారు?" అని ఎవరూ అడిగేవారు కాదు. అలా అడిగితే వెళ్ళిపొమ్మన్నట్టు ఉంటుందని భయం. అందుచేత వచ్చినవాళ్ళు ఎప్పుడు వెళతారో ఇంటివాళ్ళకీ తెలిసేది కాదు, వచ్చినవాళ్ళకీ తెలిసేది కాదు. మొన్న ఫోనులో ఒకావిడ రాసింది చదివాను (చదవడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది, అందుకని ఇప్పుడు కంటికి ఏది కనబడితే అది చదువుతాను, మందు సీసా మీద అంటించిన కాగితంతో సహా). పెద్దయిన పిల్లలు అద్దె లేకుండా అమ్మానాన్నల ఇంట్లో ఉండడం న్యాయమా, అని ఆవిడ ప్రశ్న. కింద జనం రెండు జట్లుగా విడిపోయి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న చూడగానే వంటింటి తలుపు చాటున నిలబడి ఉన్న మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ అక్కడ ఎందుకు నిలబడిందో, మళ్ళీ ఎలా కూర్చుందో చెప్పాలనిపించింది.

నాకు పెళ్ళయిన కొత్తలో మా ఆయన కొల్లేటి పక్క ఊళ్ళో చేపల చెరువుల మీద పనిచేసేవారు. మేత వేయడం, పట్టుబడి రోజున వల లాగడం, మిగతా రోజుల్లో గట్టు మీద కాపలా. సరస్సును ఆక్రమించి తవ్వినవని ప్రభుత్వం వారు వచ్చి ఆ చెరువుల గట్లు కొట్టించేశాక పని పోయింది. ఊళ్ళో సగం మంది ఏలూరు దారి పట్టారు, కొందరు తణుకు ఫ్యాక్టరీల వైపు వెళ్ళారు. మేము తాడేపల్లిగూడెం వచ్చాం. అక్కడ మా అమ్మానాన్నల ఇల్లు ఉంది, మా నాన్న బస్తాలు మోసే రైసుమిల్లు ఉంది. నాన్న మాట మీద ఆ మిల్లులోనే మా ఆయనకీ పని దొరికింది. "గది చూసుకునేదాకా, ఓ రెండు నెలలండి మావయ్యగారూ," అన్నారాయన పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి. "భలేవారండీ, ఇది మీ ఇల్లు కాదేంటి?" అన్నాడు నాన్న. ఆ రెండు నెలలు సాగి సాగి ఎంత దూరం పోయాయంటే, మొదట్లో మా ఆయన్ని చూసి మొరిగిన వీధికుక్క తరువాత్తరువాత ఆయన్ని చూడడానికొచ్చిన వాళ్ళ చుట్టాలను చూసి మొరగడం మొదలుపెట్టింది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా వాళ్ళలో అత్తగారు అల్లుడి ఎదుట పడదు. ఆయన కూర్చున్న గదిలోకి రాదు, ఆయన ఎదుట కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. మేనరికమైతే ఈ బాధ ఉండదు. చిన్నప్పటి నుంచి ఒళ్ళో ఆడుకున్నవాడే అల్లుడవుతాడు కాబట్టి "ఒరేయ్, అన్నానికి రా" అని పిలిచినా చెల్లుతుంది. మా ఆయనది బయటి సంబంధం. అంచేత మా అమ్మకు ఆయన "అల్లుడుగారు". పండక్కి వచ్చి రెండు పూటలు ఉండి వెళ్ళే అల్లుడి దగ్గర ఈ మర్యాద ఎంతో అందంగా ఉంటుంది. ఆయన రిక్షా ఎక్కగానే అత్తగారు వచ్చి హమ్మయ్య అని కూర్చుంటుంది. మా ఆయన రిక్షా ఎక్కలేదు. అదీ చిక్కు.

ఇల్లంటే ఒక ముందుగది, ఒక వంటిల్లు, వెనక వసారా. ముందుగదిలో కిటికీ పక్కన అమ్మది నవారు మంచం ఒకటి ఉండేది. నా చిన్నప్పటి నుంచి అమ్మ పగలంతా పని చేసుకుని సాయంత్రం దాని మీద కాళ్ళు జాపుకుని వీధి చూసేది, తరువాత టీవీ వచ్చాక టీవీ చూసేది. మేము వచ్చాక అమ్మ వంటింటి తలుపు చాటుకి మారింది. పోనీ ఆ మంచం మీద మా ఆయన కూర్చునేవారా అంటే, అదీ లేదు. అత్తయ్యగారి మంచం మీద అల్లుడు కూర్చుంటే బాగుంటుందా? ఆయన పీట వేసుకునేవారు, రాత్రి కింద చాప మీద పడుకునేవారు. అలా ఒకరి మర్యాదకు ఒకరు మర్యాద చేసుకుంటూ పోతే చివరికి ఆ మంచం పక్కింటివాళ్ళ పిల్లికి దక్కింది. అది మాత్రం ఎవరికీ మర్యాద చేయకుండా హాయిగా పడుకునేది.

మాటల సంగతి ఇంకా చిత్రం. భోజనాల వేళ తలుపుకి అవతల అమ్మ, ఇవతల మా ఆయన, మధ్యలో నేను. "పప్పు ఇంకొంచెం వేసుకోమని చెప్పవే," అని అమ్మ. "చాలని చెప్పు," అని ఆయన. "అప్పుడే చాలంటే ఎలాగని అడుగు." "కడుపు నిండిందని చెప్పు." ఇద్దరి మధ్యా చేయి జాపితే అందేంత దూరం. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడేది. అయినా నేను చెబితేగాని చెప్పినట్టు కాదు. నా నోట్లో ముద్ద ఉంటే అది మింగేదాకా ఇద్దరూ ఓపిగ్గా ఆగేవారు. ఒకసారి విసుగొచ్చి "విన్నారుగా, మళ్ళీ నేనెందుకు?" అన్నాను. "విన్నానులే. అయినా నువ్వు చెప్పాలిగా," అన్నారు మా ఆయన, అదేదో మిల్లులో తూకం వేయకుండా బస్తా పంపమన్నట్టు. నాన్న నాకు 'టెలిఫోను' అని పేరు పెట్టాడు. మిల్లు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుంటూ "ఏమ్మా టెలిఫోనూ, లైను బాగానే ఉందా ఇవ్వాళ?" అనేవాడు. నేను పైకి చిరాకుపడేదాన్నిగాని, నేను లేకపోతే ఈ ఇంట్లో మాటే పుట్టదు కదా అని లోపల్లోపల గొప్పగానే ఉండేది.

మిల్లు పని ఒక వేళంటూ ఉండేది కాదు. ధాన్యం రాకపోతే మధ్యాహ్నమే పంపేసేవారు. ఒకరోజు ఆయన రారనే ధైర్యంతో అమ్మ మంచం మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుగింజలు ఒలుస్తోంది. బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడయింది. అంతే, అమ్మ ఎగిరి లేచింది. పళ్ళెం ఒకవైపు, గింజలు నాలుగువైపులా, పిల్లి కిటికీలోంచి వీధిలోకి. అమ్మ తలుపు చాటుకి పోయేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని గింజలు ఏరడం మొదలుపెట్టారు. "అయ్యయ్యో, ఆయన్నెందుకు ఏరనిస్తున్నావే, నువ్వు ఏరు," అని తలుపు చాటు నుంచి అమ్మ. "ఫర్వాలేదని చెప్పు," అని మంచం కింద నుంచి ఆయన. నేను చెప్పాను.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లో లేరు. చీకటి పడుతుండగా పక్కింటావిడ వచ్చి, "మీ ఆయన స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాడమ్మా. ఏదైనా ఊరు వెళుతున్నాడా ఏంటి?" అంది. పరుగున వెళ్ళాను. ఆయన నిజంగానే ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద, చేతిలో సంచీ కూడా లేకుండా, వచ్చే రైళ్ళనీ పోయే రైళ్ళనీ చూస్తూ కూర్చున్నారు.

"ఇక్కడేం చేస్తున్నారండీ?"

"ఏం లేదు. నేనిక్కడ కూర్చుంటే, అత్తయ్యగారు అక్కడ కూర్చుంటారని."

"మీరు ఏ నిమిషాన వస్తారో తెలీక ఆవిడ నిలబడే ఉంది."

ఆయన పోతున్న రైలు చివరి పెట్టె దాటేదాకా చూశారు. తరువాత మెల్లగా, "మొదట్లో మర్యాదేలే అనుకున్నాను. మావైపూ ఉన్నదే కదా. మర్యాదైతే ఇన్నాళ్ళు ఉంటుందా? కోపమే అయ్యుంటుంది," అన్నారు. నేను నవ్వబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను. తిండి పెడుతున్న ఇంట్లో తనను చూడగానే ఒక మనిషి లేచి పారిపోతుంటే ఎంత మంచివాడికైనా అన్నం ఎలా సహిస్తుంది?

కొన్నాళ్ళకు అమ్మ మోకాళ్ళు వాచాయి. పొద్దున్న లేస్తుంటే గోడ పట్టుకునేది. నాన్నా నేనూ కలిసి మా వీధి చివర డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మోకాళ్ళు నొక్కి చూసి, "ఏం పని చేస్తారమ్మా మీరు?" అన్నారు.

"ఏం లేదండీ. ఇంట్లోనే ఉంటానండీ."

"ఇవి పొద్దస్తమానం నిలబడే మోకాళ్ళమ్మా. ఇంట్లో ఇంతింతసేపు నిలబడాల్సిన అవసరం ఏముంది?"

అమ్మ కొంగు సర్దుకుని, అంతకంటే తేలిగ్గా తెలిసే సంగతి ఇంకేముంటుందన్నట్టు, "అల్లుడుగారు ఉన్నారండీ," అంది.

డాక్టరుగారు నాన్న వైపు చూశారు, నా వైపు చూశారు. గొంతు తగ్గించి, "ఏమ్మా, అతను ఏమైనా చెయ్యి చేసుకుంటాడా?" అన్నారు. అమ్మ చెంపలు వేసుకుంది. "అపచారం అపచారం, ఎంతమాటండీ! దేవుడిలాంటి మనిషండీ. అందుకేగదండీ నిలబడేది!" డాక్టరుగారు మందులు రాసి, "రోజూ కాసేపు కూర్చోండమ్మా," అని మాత్రం చెప్పారు. దానికి కూడా డాక్టరు చెప్పాలా అనుకోకండి. మా ఇంట్లో అప్పటికి అది డాక్టరు చెప్పినా జరగని పని.

డాక్టరుగారు కూర్చోమన్న మాట నేను ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన మర్నాడే పెంటపాడు రోడ్డులో గది చూసి, నన్నూ తీసుకెళ్ళి చూపించారు. చిన్న గదే. వెనక తలుపు తీస్తే వరిచేలు. నాకంటూ ఒక పొయ్యి, నాకంటూ ఒక గుమ్మం. నాకు నచ్చిందనే చెప్పాలి. ఒకటో తారీకున దిగుతామని గది యజమానితో అనుకున్నాం. ఇంటికొచ్చి చెప్పేసరికి అమ్మ తలుపు చాటున కళ్ళు ఒత్తుకుంది.

"ఏం లోటు జరిగిందో అడగవే."

"లోటేమీ లేదని చెప్పు. ఆవిడ కాళ్ళు చూడమని చెప్పు."

"నా కాళ్ళకేం, అవి ముసలివయ్యాయి. పనికి ఇవ్వాళ పిలుస్తారో లేదో తెలీదు, పరాయి గదిలో ఏం తింటారో అడుగు."

"మేముంటే ఆవిడ కూర్చోరని చెప్పు."

"మీరు వెళితే కూర్చున్నా తినబుద్ధి కాదని చెప్పు!"

నేను ఇటు తిరిగేలోపు అటు నుంచి మాట, అటు తిరిగేలోపు ఇటు నుంచి మాట. అన్నీ చెప్పలేక మధ్యలో కూలబడ్డాను. ఆయనకు కావలసిందల్లా అమ్మ కూర్చోవడం. అమ్మకు కావలసిందల్లా మేము వెళ్ళకపోవడం. ఆ రెండూ ఒక ఇంట్లో పట్టడం లేదు.

ఇదంతా నాన్న అరుగు మీద నుంచి విన్నాడు. మర్నాడు మిల్లు నుంచి చిరిగిన గోనెసంచులు కొన్ని తెచ్చుకుని, దబ్బనం, పురికొస పట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నాడు. సంచులన్నీ విప్పదీసి ఒకదానికొకటి కలిపి పెద్ద పట్టా కుట్టాడు. దాన్ని ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టి వేలాడదీశాడు. గది రెండయింది. కిటికీ, మంచం, వసారాలోకి తలుపు అటు. వీధి గుమ్మం, టీవీ, వంటింటి తలుపు ఇటు. గదంతా తవుడు వాసన.

"పెళ్ళిలో తెర పట్టారుగా, అది పట్టవలసినవాళ్ళకి పట్టలేదు," అన్నాడు నాన్న దులుపుకుంటూ. "ఎదుట పడకూడదు, అంతేగా? పడరు. కూర్చోకూడదని ఎవరూ అనలేదుగా! ఒకటో తారీకుదాకా చూద్దామండీ. అప్పటికీ కుదరకపోతే అలాగే వెళుదురుగాని."

ఆ రోజు సాయంత్రం మా ఆయన పీట మీద కూర్చుని ఉండగా అమ్మ వెనక వసారా గుండా తిరిగి వచ్చి, పట్టా అవతల మంచం మీద కూర్చుంది. మంచం కిర్రుమంది. మా ఆయన ఆ చప్పుడు విని తల వంచుకున్నారు. ఆయన నవ్వుతున్నారని నాకు తెలిసింది. నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతవరకు బాగానే ఉందిగాని, అమ్మకు కొత్త కష్టం వచ్చిపడింది. టీవీ ఇటుంది. అమ్మ ఏళ్ళ తరబడి చూస్తున్న సీరియల్ ఒకటి ఇప్పుడు అమ్మకు రేడియో అయింది. గోనెపట్టా వెనక నుంచి "ఆ ఏడుస్తున్నది అత్తా, కోడలా? అడగవే," అని మొదలుపెట్టింది. మా ఆయన అదివరకు ఆ సీరియల్ మొహం చూసి ఎరగరు. "కోడలని చెప్పు," అన్నారు. "ఏ కోడలో అడుగు, పెద్దదా చిన్నదా?" "ముక్కుపుడక ఉన్నదని చెప్పు." "అయితే చిన్నది. అదంతా దొంగ ఏడుపని చెప్పు." "అవునా!" అన్నారు మా ఆయన నాతో, నిజంగా ఆశ్చర్యపోతూ.

తరువాత ఒకనాటి సాయంత్రం నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. నాన్న ఇంకా రాలేదు. సీరియల్ వేళయింది. లోపల నుంచి మా ఆయన మాటలు వినబడ్డాయి. "ఇప్పుడు తలుపు తీసిందని చెప్పు. అవతల ఎవరూ లేరని చెప్పు." కాస్త ఆగి అమ్మ గొంతు, "ఉత్తరం ఏమైనా పడేసి పోయారేమో చూడమను." "పడేశారని చెప్పు. వంగి తీస్తోందని చెప్పు." "చదవొద్దని చెప్పు దాన్ని!" నేను సబ్బు చేతులతో అలాగే ఉండిపోయాను. చెప్పవలసిన మనిషిని నేను పెరట్లో ఉన్నాను. వాళ్ళిద్దరూ నేను లేని గదిలో నాతో చెప్పిస్తూ హాయిగా మాట్లాడుకుంటున్నారు. ఎదుట పడలేదు, నేరుగా మాట్లాడలేదు, మర్యాద ఎక్కడా తప్పలేదు. మొదట నవ్వొచ్చింది. ఆ తరువాత ఎందుకో నవ్వు సగంలో ఆగింది.

ఒకటో తారీకు ఆదివారం వచ్చింది. మేము ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. నేను మాత్రం గిన్నెలు ఏవి మావో ఏవి అమ్మవో మనసులో విడదీసుకుంటూనే ఉన్నాను. పది గంటలకు పెంటపాడు రోడ్డు గది యజమాని స్వయంగా వచ్చాడు. పెద్దాయన. గుమ్మంలో చెప్పులు విప్పి, "ఏవండీ, ఇవ్వాళ దిగుతామన్నారు కదండీ. వేరేవాళ్ళు అడుగుతున్నారు. ఇచ్చేయమంటారా, ఉంచమంటారా?" అన్నాడు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. మా ఆయన నా వైపైనా చూడలేదు, గోనెపట్టా వైపు చూశారు.

పట్టా వెనక మంచం కిర్రుమంది. తరువాత అమ్మ గొంతు, ఎప్పుడూ లేనంత గట్టిగా, "వాళ్ళకే ఇచ్చేయమను. మావాళ్ళు ఎక్కడికీ వెళ్ళరని చెప్పు."

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. గోనెసంచులు మాట్లాడతాయని ఆయన అనుకోలేదు. అటూ ఇటూ చూసి, "ఎవరికి చెప్పమంటున్నారండీ? నాకా?" అన్నాడు. మా ఆయన తల వంచుకుని ఉన్నారు. పాపం, పెద్దాయన మర్యాదస్తుడు. పెద్దావిడ చెప్పమంది కాబట్టి చెప్పాలి అనుకున్నాడు కాబోలు, మా ఆయన వైపు తిరిగి, "మీరు ఎక్కడికీ వెళ్ళరటండీ," అన్నాడు.

"ఆయ్," అన్నారు మా ఆయన. గొంతు సర్దుకుని, "ఆవిడ రోజూ కూర్చుంటానంటే సరేనని చెప్పండి," అన్నారు.

పెద్దాయన గోనెపట్టా వైపు తిరిగి చేతులు కట్టుకుని, "తమరు రోజూ కూర్చోవాలటండీ," అని విన్నవించాడు.

"కూర్చునే ఉన్నానని చెప్పండి," అంది అమ్మ.

"కూర్చునే ఉన్నారటండీ," అన్నాడు ఆయన మా ఆయనతో, ఎంతో తృప్తిగా. తరువాత, తన గదికి తన నోటితోనే అద్దెకు రావలసినవాళ్ళను పోగొట్టుకున్న సంగతి అప్పుడు తట్టినట్టుంది, చెప్పులు తొడుక్కుని "వస్తానండీ మరి," అని మెట్లు దిగాడు. నాన్న అరుగు మీద కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా మొగుడు, నా తల్లి, నా కాపురం. ఎక్కడుండాలో వాళ్ళిద్దరూ తేల్చుకున్నారు, అదీ ఒక దారినపోయే పెద్దమనిషి చేత చెప్పించుకుని. ఇన్నాళ్ళూ ముద్ద మింగి మరీ ఇద్దరి మాటలూ మోసిన నన్ను ఒక్క మాట అడగలేదు. వసారా గుండా తిరిగి పట్టా అవతలకు వెళ్ళి అమ్మ ఎదుట నిలబడ్డాను.

"నన్నడగక్కర్లేదా?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

అమ్మ నా మొహంలోకి చూసింది. "నిన్నేం అడుగుతామే? పొద్దస్తమానం మా మాటలు మోసి మోసి అలిసిపోలేదూ? రా, కూర్చో," అని కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటు చేసింది. నేను మూతి ముడుచుకుని ఓ చివర కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన ఇవతల టీవీ పెట్టి, ఎవరు ఏ చీర కట్టారో, ఎవరు ఎవరి మీద కళ్ళెర్ర చేశారో చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ ఊఁ కొడుతూ అడుగుతోంది. నేనొకదాన్ని అక్కడున్నట్టు ఇద్దరికీ గుర్తు లేదు.

ఆ తరువాత చాలా కాలం అక్కడే ఉన్నాం, మా అమ్మాయికి నడక వచ్చేదాకా. తరువాత ఏలూరు వచ్చేశాం. ఇప్పుడు తలచుకుంటే, ఆ మంచం చివర కూర్చుని ముక్కు చీదుకున్న ఆ పిల్ల మీద నవ్వొస్తుంది, కాస్త జాలీ కలుగుతుంది. తనకు కావలసిన ఇద్దరూ తన సాయం లేకుండా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండగలరని కళ్ళెదుట చూస్తూ, అది తనకు జరిగిన మేలని తెలియక, తన ఉద్యోగం ఊడిందని ఏడ్చింది. అమ్మ "అలిసిపోలేదూ?" అంటే కూడా అర్థం కాలేదు. నిజానికి ఆ వయసులో నేను ఏమీ అలిసిపోలేదు. అందుకే పౌరుషం వచ్చింది. ఇప్పుడెవరైనా అలా కాళ్ళు ముడుచుకుని, ఇంత చోటిచ్చి, రా కూర్చో అంటే, ఎందుకని అడగను. వెళ్ళి కూర్చుంటాను.